కూర్చున్నవాళ్ళ కొండ

1991 జూన్ 11, ఉదయం 6 గంటల 50 నిమిషాలు. మూడు రోజుల వాన తెరిపిచ్చింది. క్యోతో ఉత్తరపు అంచున ఇవకురాలో తోషు-అన్ అనే చిన్న మఠం ఉంది. దాని తూర్పు వసారాలో, నడిమి స్తంభం పక్కన, తోటమాలి ఉరబె కియొజి మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చుని ఎదురుగా ఉన్న కంచెను చూస్తున్నాడు. ఆయనకు అరవై రెండేళ్ళు. ప్రతి ఏడూ జూన్ రెండో వారంలో ఆ కంచెను కత్తిరించే ముందు, ఇదే చోట, ఇదే విధంగా, పావుగంటసేపు కూర్చోవడం ఆయన అలవాటు. అంతకు ముందు అది ఆయన తండ్రి అలవాటు.

తోటలో చెప్పుకోదగ్గవి తక్కువ. నీళ్ళు లేవు, దీపస్తంభం లేదు, వంతెన లేదు. నేలంతా నాచు. అందులో సగానికి పైగా పాతుకుపోయి, వీపు మాత్రమే బయటికి కనిపించే నలభై దాకా రాళ్ళు. వాటి వెనక సజాంకా, తేయాకు, మరో మూడు రకాల పొదలు కలిసిపోయి పెరిగిన కంచె. కంచె వెనక రెండు దేవదారు బోదెలు. ఆ బోదెల నడుమ, ఐదు కిలోమీటర్ల దూరాన, హియెయి కొండ. కొండ మఠానిది కాదు. అయినా తోటను అమర్చినవాళ్ళు దాన్ని తోటలోకి అరువు తెచ్చుకున్నారు. కంచెకూ కొండకూ మధ్య ఉన్న ఊరు కనిపించకపోతే, కంచె మీదనుంచే కొండ లేచినట్టుంటుంది. ఊరిని దాచవలసిన పని కంచెది, కంచెను సరైన ఎత్తులో ఉంచవలసిన పని ఉరబె కుటుంబానిది.

ఆ ఎత్తు నేల నుంచి నూట అరవై అయిదు సెంటీమీటర్లు. దాన్ని ఉరబె గుర్తుపెట్టుకోనక్కరలేదు. తండ్రి సెంటీమీటర్ల గీతలు గీసి, ఆ ఎత్తు దగ్గర గాటు పెట్టిన వెదురు కర్ర ఉంది. అలాంటి కర్రను ఆ పనివాళ్ళు ‘బకబో’ అంటారు, అంటే మూర్ఖుడి కర్ర. అది చేతిలో ఉంటే ఎంత తెలివితక్కువవాడైనా కొలత తప్పడని ఆ పేరు.

ఆయన మామూలు మనిషే. పదిహేనో ఏట తండ్రి ఆయన్ను ఊరికి తూర్పున ఒక పెద్ద చెరువు తోటలో పనికి పెట్టాడు. అక్కడ మూడేళ్ళు నేర్చుకున్నది ఒకటే: దారి ఎక్కడ వంగితే చెరువు కనుమరుగవుతుందో, ఎక్కడ మళ్ళీ కనబడాలో. ఆ తర్వాత ఒక తేనీటి కుటీరం ముందరి కాలిబాటలో రెండేళ్ళు, పనంతా వంగుని చేసేదే. మరో రెండేళ్ళు ఒక కంకర తోటలో వెనక్కి నడుస్తూ దంతెతో గీతలు గీశాడు. గీత వంకరపోతే దిద్దడం కుదరదు, మొత్తం చెరిపి మొదటినుంచి గీయాలి. తండ్రి నడుం పడిపోయాక, 1951లో తోషు-అన్‌కు వచ్చాడు. అప్పటినుంచి నలభై జూన్‌లు, నలభై అక్టోబర్‌లు. ఈ జూన్ నలభై ఒకటోది.

వెనక అడుగుల చప్పుడైంది. వచ్చింది ఒబత గారు. మఠానికి చందాలిచ్చే కుటుంబాల సంఘానికి పెద్ద. ముప్ఫై ఎనిమిదేళ్ళు మందుల దుకాణం నడిపి, రెండేళ్ళ క్రితం విశ్రాంతి తీసుకున్నాడు. మనిషి చాలా పొడుగు. మఠంలో ప్రతి ద్వారం దగ్గరా తల వంచడం ఆయనకు ప్రాణాయామంలా అలవాటైపోయింది.

“ఏం కియొజి గారూ, పొద్దున్నే కొండతో మంతనాలా?”

“కంచెతో అండీ. కొండ నా మాట వినదు.”

“కంచె మాత్రం వింటోందా?” ఒబత నవ్వలేదు. “మీకు ముందుగా చెప్పడం మర్యాద అని వచ్చాను. ముప్ఫయ్యో తారీఖున సంఘం కూర్చుంటోంది. కంచె వెనక హినోకి చెట్లు నాటిద్దామని నేనే అడుగుతున్నాను. పద్నాలుగు మొక్కలు, నాలుగు మీటర్లవి. వరసగా పెడితే గోడలా ఉంటాయి.”

“అప్పుడు కొండ కనిపించదండీ.”

“ఇప్పుడు కనిపిస్తోంది, నిజమే. దాని కాళ్ళ కింద పెట్రోలు బంకు కూడా కనిపిస్తోంది. బంకు నెత్తినెక్కి కూర్చున్న కొండ కన్నా పచ్చటి గోడ నయం కదండీ.”

ఉరబె కంచె వైపు చూశాడు. పొదల చివుళ్ళు ఉన్నాయి, వాటి మీద కొండ ఉంది. మధ్యలో ఏదీ లేదు.

“నాకు బంకు కనబడటం లేదండీ.”

“నలభై ఏళ్ళు ఒకే చోట చూశారు. మీ కన్ను సర్దుకుపోయి ఉంటుంది,” అని ఒబత దయగానే అన్నాడు. ద్వారం దగ్గర తల వంచి వెళ్ళిపోయాడు.

ఒబత అబద్ధం చెప్పేవాడు కాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు డాక్టర్ల చేతిరాత చదివినవాడి కన్ను మసకబారిందనుకోవడానికీ లేదు. కాబట్టి తప్పు కంచెదో, తనదో అయి ఉండాలని ఉరబె అనుకున్నాడు. హినోకి చెట్లు పాతుకుంటే వెనక్కి తీయడం ఉండదు. తోషు-అన్ తోట నాచూ, రాళ్ళూ ఉన్న పెరడు అవుతుంది. తండ్రి పని, తన పని ఆ గోడ వెనక పడిపోతాయి. అందుకు పంతొమ్మిది రోజులు మిగిలాయి.

ఆ రోజు కంచె కత్తిరించడం పూర్తయ్యాక మఠాధిపతి ర్యోకై గారు గదిలోంచే, “కంచె ఈ వానలకి బాగా శ్రమపడినట్టుంది,” అన్నారు. మామూలుగా అనే మాట, “కొండ బాగుంది,” అన్నది. ఇదివరకు కత్తిరింపు అయ్యాక ఆయన వసారాలోకి వచ్చి, ఉరబె పక్కన కూర్చుని, టీ తాగేవారు. మూడేళ్ళుగా టీ ఉరబెకు ఒక్కడికే వస్తోంది.

సాయంత్రం భోజనం దగ్గర ఉరబె ఆ మాటను భార్య తొమియెకు చెప్పాడు.

“మాట మార్చకుండా చెప్పండి. శ్రమపడింది అన్నారా, శ్రమపడినట్టుంది అన్నారా?”

“పడినట్టుంది.”

“అయితే కంచె మీద కాదు, మీ మీద. మీరు పెద్దవాళ్ళయిపోయారని.” తొమియె ఊరవేసిన వంకాయ ముక్క ఆయన గిన్నెలో వేసింది. “వెళ్ళి అడిగేయరాదూ, ఏం బాలేదని?”

“అడిగితే బాగుందంటారు.”

“బాగుందంటే బాగున్నట్టే కదా!”

“మన ఊళ్ళోనా?”

తొమియె ఒసాకాలో పుట్టిన మనిషి. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆమెకు క్యోతోవాళ్ళు మనసులోది నేరుగా అనరన్న సంగతి వివరించి విసిగిపోయానని ఆయన, విని విసిగిపోయానని ఆమె అనుకుంటూ ఉంటారు. “మీ ఊళ్ళో మనుషులకి నోరు అన్నం తినడానికే ఇచ్చాడు దేవుడు,” అని ఆమె గిన్నెలు తీసింది.

జూన్ 13 ఉదయం ఎనిమిదింటికి ఉరబె మళ్ళీ మఠానికి వెళ్ళాడు. ఆ రోజు చేయవలసిన పని ఏమీ లేదు. నీటిమట్టం, దారం, కర్ర తీసుకుని కంచెను తొమ్మిది చోట్ల కొలిచాడు. తొమ్మిది చోట్లా గాటుకు సరిపోయింది. ఒక చోట మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. అది ఒక కొత్త చివురు. గోటితో తుంచేశాడు.

వసారా చివర మఠాధిపతి భార్య శిజుఎ గారు కాళ్ళు కిందికి వేలాడేసుకుని, ఒళ్ళో వెదురు జల్లెడ పెట్టుకుని, చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. ఆ దేశంలో మఠాధిపతులకు పెళ్ళిళ్ళు మామూలే. ఇంటిపనులన్నీ అలాగే, అక్కడే చేసుకోవడం ఆవిడకు ఇష్టం.

“ఏం కియొజీ, ఇది కత్తిరింపు రోజు కాదే. కంచెకి జ్వరమా?”

“అమ్మగారూ, గదిలోకి ఒకసారి రావచ్చాండీ?”

ఆవిడ చేతులు ఆగిపోయాయి. నలభై ఏళ్ళలో ఉరబె ఆ గదిలో అడుగు పెట్టలేదు. తోటమాలి చోటు నేల. మహా అయితే, వసారాలో నడిమి స్తంభం వరకు. తోట ఎలా ఉండాలో తేల్చేది గదిలో కూర్చునేవాళ్ళు. వాళ్ళ చోట కూర్చుని చూడటం, వాళ్ళ కన్నును తనిఖీ చేసినట్టవుతుందని ఉరబె తండ్రి చెప్పేవాడు.

“గదిలో ఏముంది?”

“గురువుగారి కుర్చీలో ఒక్క నిమిషం కూర్చోవాలండీ.”

“నిమిషమేం, రెండు కూర్చో. ఆయన స్నానానికి వెళ్ళారు, ఇప్పట్లో రారు.”

గదిలో పొట్టికాళ్ళ కుర్చీలు నాలుగున్నాయి. మూడేళ్ళ క్రితం వచ్చాయి. ఒకటి మఠాధిపతిది, మూడు సంఘంలోని ముసలివాళ్ళవి. మిగతావాళ్ళు చాపల మీదే కూర్చుంటారు. ఉరబె కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి, మఠాధిపతి కుర్చీలో వెనక్కి ఆనకుండా కూర్చున్నాడు.

కంచె పైన పెట్రోలు బంకు ఎర్రటి పేరు పలక ఉంది. దాని పక్కన ఒక నీలం నీళ్ళ ట్యాంకు. పెంకుల కప్పులు ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టాడు. ఇరవై మూడు. వాటన్నిటి వెనకా కొండ, ఊరికి దూరంగా, పరాయిదానిలా ఉంది.

ఆయన కర్రను నిలువుగా పెట్టి తన కన్ను ఎత్తు కొలుచుకున్నాడు. గది నేల నుంచి నూటరెండు సెంటీమీటర్లు. మడమల మీద కూర్చున్నప్పుడు ఎనభై మూడు. తేడా పంతొమ్మిది. ఆ కంచెను తండ్రి ఎనభై మూడుకు కొలిచాడు, తనూ ఎనభై మూడు దగ్గరే కూర్చుని నలభై ఏళ్ళు చూశాడు. కంచె తప్పలేదు, కర్ర తప్పలేదు. చూసేవాళ్ళు పంతొమ్మిది సెంటీమీటర్లు పైకి వెళ్ళారు.

జేబులోంచి చిన్న పుస్తకం తీసి, బంకు దూరాన్నీ కలిపి కంచె ఎంత పెరగాలో లెక్క వేస్తుండగా, గుమ్మంలో ర్యోకై గారు నిలబడ్డారు. చేతికర్ర, భుజం మీద తువ్వాలు. జుట్టు లేని తల మీద ఇంకా తడి ఉంది.

ఉరబె కుర్చీలోంచి లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది.

“కూర్చో, కూర్చో. నీకూ మోకాళ్ళు పోయాయా?”

“లేదండీ. క్షమించాలి. నేను—”

“చూశావన్నమాట.”

“చూశానండీ. మూడేళ్ళుగా నాకొక్క మాట—”

“చెబితే ఏం చేసేవాడివి?”

“కంచె పెంచేవాణ్ణండీ. పద్దెనిమిది సెంటీమీటర్లు పెరిగితే మీ కుర్చీకి ఊరు కనిపించదు.”

“చాప మీద కూర్చునేవాళ్ళకో?”

లెక్క ఉరబె చేతిలోనే ఉంది. చాప మీద కూర్చుంటే, ఇప్పుడు కనిపించే కొండలో దాదాపు తొమ్మిదో వంతు, అడుగుభాగం, కంచె వెనక్కి పోతుంది. ఆయన ఆ మాట చెప్పాడు.

“అందుకే చెప్పలేదు,” అన్నారు ర్యోకై గారు. “నేను కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. నా మోకాళ్ళ కోసం వచ్చినవాళ్ళందరి కొండనీ కొయ్యమనడం ఏం బాగుంటుంది? బంకుని చూస్తూ కూర్చోవడం నాకు అలవాటైంది. అక్కడ పనిచేసేవాళ్ళు మంచివాళ్ళు, కార్లకి వంగి దండాలు కూడా పెడతారు. ఒబత ఊరుకోడని మాత్రం అనుకోలేదు.”

“కంచె శ్రమపడినట్టుందన్నారు మీరు.”

“నిజంగానే శ్రమపడింది కదయ్యా, అంత వానకి.”

కంచె పెంచడం వల్ల ఇప్పుడు లాభం కూడా లేదు. పైకి వదిలిన కొమ్మలు దట్టమయ్యేసరికి రెండేళ్ళు పడుతుంది. సంఘం కూర్చునేది పదిహేడు రోజుల్లో.

“ఇళ్ళూ ఇళ్ళూ అంటారు అందరూ, ఏ ఇళ్ళు?” బయట వసారా మీదనుంచి శిజుఎ గారి గొంతు వచ్చింది. “ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. నాకు ఒక్క కప్పు కనిపిస్తే ఒట్టు.”

“నువ్వు కళ్ళజోడు పెట్టుకోవు,” అన్నారు ర్యోకై గారు.

“చిక్కుడులో పురుగు కనిపిస్తుంది, ఇల్లు కనిపించదా?”

ఉరబె వసారాలోకి వెళ్ళి, అనుమతి అడిగి, ఆవిడ పక్కన కర్ర నిలబెట్టాడు. ఆవిడ మోకాళ్ళు మడవలేదు, కుర్చీలోనూ లేరు. నేల మీదే కూర్చుని, కాళ్ళు అంచు కిందికి వదిలారు. కన్ను ఎత్తు డెబ్బై రెండు.

“గురువుగారూ, మీరు ఇలా కూర్చుంటే మోకాలు నొస్తుందాండీ?”

“నొయ్యదు. కానీ మఠాధిపతిని, చూరు కింద కాళ్ళు ఊపుకుంటూ, వెనక్కి తిరిగి పెద్దలతో మాట్లాడమంటావా?”

“చాలా బాగుంటారు,” అన్నారు శిజుఎ గారు.

ఉరబె గది అంచున మోకాళ్ళ మీద వంగాడు. చాపలు ఎక్కడ ఆగుతాయో అక్కడ వసారా పలకలు మొదలవుతాయి. మొదటి రెండు పలకల వెడల్పు కలిపి నలభై రెండు సెంటీమీటర్లు. వాటి కింద నేల దాకా అరవై సెంటీమీటర్ల ఖాళీ. ఆయన పలక మీద వేలి కణుపుతో కొట్టి విన్నాడు. మేకులు లేవు, గాడిలో దూర్చిన పలకలు.

“ఈ రెండూ ఎత్తేస్తే, చాప అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వదలొచ్చండీ. మీరు గదిలోనే ఉంటారు. పూజ రోజున పలకలు మళ్ళీ వేసేసుకోవచ్చు.”

ర్యోకై గారు చాలాసేపు ఆ రెండు పలకలను చూశారు. “గోతిలో కాళ్ళు పెట్టుకున్న సన్యాసి,” అన్నారు. తర్వాత, “పిలిపించు వడ్రంగిని,” అన్నారు.

వడ్రంగి రెండు రోజులు పనిచేశాడు. పలకలు ఐదు మీటర్ల పొడవునా పైకి వచ్చాయి. కాళ్ళు ఆనించడానికి నలభై సెంటీమీటర్ల లోతున ఒక బల్ల అమర్చాడు. పని అయ్యాక ర్యోకై గారు మెత్త వేసుకుని కూర్చున్నారు. కన్ను ఎత్తు డెబ్బై ఎనిమిది. ఆయన ఒకసారి ఎదురుగా చూసి, టీ రెండు గిన్నెలు తెమ్మని కేక వేశారు.

ఆ అంచు నుంచి కంచెకు పదిన్నర మీటర్లు. ఉరబె ఆ రాత్రికి ముందే, వెలుతురు ఉండగానే, పుస్తకంలో కొత్త హద్దు రాసుకున్నాడు: అక్కడ కూర్చునేవాళ్ళ కన్ను ఎనభై అయిదు దాటితే బంకు పలక పైఅంచు కనబడటం మొదలవుతుంది. మఠంలో చాలామంది కన్ను డెబ్బై అయిదుకూ ఎనభైకీ మధ్యే ఉంటుంది. అందరికన్నా పొడుగైన ఒక్కరి సంగతే ఆయనకు తెలియదు.

జూన్ 30 మధ్యాహ్నం రెండింటికి సంఘం వచ్చింది. ఏడుగురు. మబ్బు పట్టింది, వాన లేదు, కొండ స్పష్టంగా ఉంది. కుర్చీలు కనబడకపోయేసరికి ముసలివాళ్ళు ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. శిజుఎ గారు ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి అంచున కూర్చోబెట్టారు. కాళ్ళు కిందికి వదలగానే అందులో ఒకాయన, “అబ్బ!” అన్నాడు. అది తోటను చూసి కాదు.

ఒబత అందరికన్నా చివర కూర్చున్నాడు. శిజుఎ గారు ఆయనకు మందమైన మెత్త వేశారు. ఉరబె నేల మీద, రాళ్ళ పక్కన నిలబడి ఉన్నాడు. ఒబత కుడికి చూశాడు, ఎడమకు చూశాడు, మెడ సాచాడు.

“ఇళ్ళు లేవు,” అన్నాడు. “ట్యాంకు లేదు. ఆ బంకు పలక మాత్రం ఉంది. ఎర్రటి గీత, ఇంతే.” బొటనవేలూ చూపుడువేలూ దగ్గర పెట్టి చూపించాడు. “గీతైనా బంకు బంకే కదా, కియొజి గారూ.”

ఉరబె వంగి నమస్కరించాడు.

“ఒబత గారూ, తప్పుగా అనుకోకపోతే, ఆ మెత్త ఒక్కసారి తీసి కూర్చుంటారాండీ?”

“నా వయసువాణ్ణి మెత్త తీసేయమంటారా!”

“నన్ను మూడేళ్ళు బంకు చూస్తూ కూర్చోనిచ్చారు,” అన్నారు ర్యోకై గారు, టీ గిన్నెలోకి చూస్తూ. “మెత్త ఏపాటి?”

ముసలివాళ్ళలో ఒకాయన పకపకా నవ్వాడు. ఒబత ముఖం కొద్దిగా ఎర్రబడింది. ఒక చెయ్యి ఆనించి లేచి, మెత్తను వెనక్కి లాగి, చాప మీద కూర్చున్నాడు. కాళ్ళు సర్దుకున్నాడు. తర్వాత ఎదురుగా చూశాడు. కంచె మీద కొండ ఉంది. ఆయన ఎంతసేపు చూశాడో ఉరబె లెక్కపెట్టలేదు. ఆ రోజు ఆయన లెక్కపెట్టనిది అదొక్కటే.

“హినోకి మాట,” అన్నాడు ఒబత చివరికి, “ఇప్పుడు తొందరేం లేదు. వచ్చే ఏళ్ళలో ఎప్పుడైనా, తీరిక ఉన్నప్పుడు చూద్దాం.”

ఆ ఊళ్ళో అలా అన్న పని ఇక జరగదని అక్కడున్న పది మందికీ తెలుసు. శిజుఎ గారు టీ పోయడానికి లేచారు. ఉరబె నాచు తొక్కకుండా రాతి మీదనుంచి రాతి మీదికి అడుగు వేస్తూ వచ్చి, వసారా ఎక్కి, చాప అంచు దగ్గరికి చేరి, “ఒక్క క్షణం కదలకండి,” అని, వెదురు కర్రను ఒబత చెంప పక్కన నిలువుగా పెట్టి చదివాడు.

ఎనభై రెండు.